క్లౌడ్ బ్యాకప్ కొనేవాళ్ళు జాగ్రత్త: రోజూ 'సక్సెస్' మెయిల్ వచ్చింది, ఏడు నెలల బిల్లులు పోయాయి

విజయవాడలో మాది మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. రోజుకి 220 బిల్లుల దాకా పడతాయి, 300 పైచిలుకు మెడికల్ షాపులకి అరువు ఖాతాలున్నాయి. మన డేటా కాపీని నెట్ ద్వారా తమ సర్వర్‌లో దాచే బ్యాకప్ సర్వీసు అమ్మేవాళ్ళు ఈమధ్య షాపు షాపుకీ తిరుగుతున్నారు కాబట్టి నాకు జరిగింది రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. ఆ ఒక్క పేరు చూసి తప్పుకుంటే సరిపోయే గొడవ కాదిది.

మే నెలలో ఒక సోమవారం పొద్దున్న సర్వర్ ఆన్ కాలేదు. డేటా ఉండే డ్రైవ్, అదే ఎస్ఎస్‌డీ, పోయింది. నాకు పెద్ద టెన్షన్ కూడా లేదు, బ్యాకప్‌కి రెండేళ్ళుగా డబ్బు కడుతున్నాం కదా. ఫోన్ చేస్తే "రెండు గంటల్లో మీ డేటా మీ చేతిలో పెడతాం సార్" అన్నారు. డౌన్‌లోడ్ అయ్యేసరికి సాయంత్రం ఆరు. అకౌంట్స్ చూసే అమ్మాయి సాఫ్ట్‌వేర్ తెరిచి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సార్, ఇందులో చివరి బిల్లు దసరా ముందుది" అంది.

ఏం జరిగిందంటే, దసరాకి కొత్త సర్వర్ కొన్నాం. బ్యాకప్ కంపెనీ కుర్రాడే వచ్చి డేటా మార్చాడు. పాత ఫోల్డర్ డీ డ్రైవ్‌లో "ఉండనివ్వండి సార్, సేఫ్టీకి" అని వదిలేసి, కొత్త డేటా 'E' డ్రైవ్‌లో పెట్టాడు. బ్యాకప్‌కి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది ఏడు నెలల పాటు ప్రతి రాత్రీ ఎవరూ ముట్టుకోని ఆ పాత ఫోల్డర్‌నే నమ్మకంగా పైకి పంపింది. పొద్దున్నే నాకు మెయిల్: 'బ్యాకప్ సక్సెస్‌ఫుల్, 11.2 జీబీ'. పక్కనే పచ్చ టిక్కు.

తర్వాత ఆ మెయిళ్ళన్నీ వరసగా తెరిచి చూశాను. అక్టోబరులో 11.2, జనవరిలో 11.2, మేలో 11.2. రోజుకి 220 బిల్లులు కొట్టే కొట్టులో డేటా ఒక్క రవ్వ కూడా పెరగలేదంటే అనుమానం రావాలి. నాకు రాలేదు, ఎందుకంటే ఇన్‌బాక్స్ నిండిపోతోందని ఆ మెయిళ్ళు వేరే ఫోల్డర్‌లోకి పోయేలా పెట్టింది నేనే. ఇందులో నా వాటా తప్పు నాదే. కానీ డబ్బు తీసుకుని చూడాల్సినవాళ్ళు కూడా చూడలేదు.

పాడైన ఎస్ఎస్‌డీని రికవరీ ల్యాబ్‌కి పంపాం. కంట్రోలర్ చిప్ పోయింది, ఏమీ రాదన్నారు. ఇక మిగిలింది చేత్తో కట్టుకోవడమే. మా టర్నోవర్ 5 కోట్లు దాటింది కాబట్టి జీఎస్టీ ఉన్న షాపుల బిల్లులకి ఇ-ఇన్వాయిస్‌లు (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లులు) ఉన్నాయి, అవి పోర్టల్ నుంచి దింపుకున్నాం. కొనుగోళ్ళు జీఎస్టీఆర్-2బీలో (మనకి అమ్మినవాళ్ళు చూపిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే పట్టీ) దొరికాయి, కానీ అందులో ఏ మందు ఎన్ని అన్నది ఉండదు, మొత్తమూ పన్నూ మాత్రమే. బ్యాచ్ నంబర్లూ ఎక్స్‌పైరీ తేదీలూ ర్యాకుల దగ్గర నిలబడి ఒక్కో డబ్బా చూసి రాసుకున్నాం. వసూళ్ళకి సేల్స్‌మెన్ రశీదు పుస్తకాల కార్బన్ కాపీలే దిక్కు. ఒక పుస్తకం వానకి తడిసి అంకెలన్నీ నీలం మరకలయ్యాయి.

పందొమ్మిది రోజులు పట్టింది. ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి తీసుకుని ఇచ్చిన క్రెడిట్ నోట్లు మాత్రం ఎక్కడా దొరకలేదు. షాపువాళ్ళు ఎంత చెబితే అంత ఒప్పుకున్నాం. చాలామంది నిజాయితీగానే చెప్పారు, ఆ మాట కూడా రాయాలి.

కంపెనీవాళ్ళని నిలదీస్తే ఒప్పందం తీసి చూపించారు. '99.9% అప్‌టైమ్' అని పెద్ద అక్షరాల్లో ఉంది. అది వాళ్ళ క్లౌడ్ సర్వర్ నడవడం గురించిన మాట, లెక్క వేస్తే ఏడాదికి సుమారు ఎనిమిదిముప్పావు గంటలకి మించి ఆగదని అర్థం. నా డేటా గురించి అందులో ఒక్క ముక్క లేదు. నష్టపరిహారం మూడు నెలల ఫీజుకి మించదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఏ ఫోల్డర్ బ్యాకప్ చేయాలో చెప్పే బాధ్యత 'కస్టమర్‌ది' అనీ ఉంది. కుర్రాడిని పంపింది వాళ్ళు, బాధ్యత నాది!

ఇలాంటివి చిన్న కొట్లకే అనుకోకండి. గిట్‌ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే 2017 జనవరి 31న ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌ని చెరిపేశాడు. బ్యాకప్ కోసం చూస్తే అక్కడ ఏమీ లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కలవక ఫెయిల్ అవుతూ వచ్చింది. ఫెయిలైందని చెప్పే మెయిళ్ళనేమో మెయిల్ సర్వరే తిప్పికొట్టింది, ఎవరికీ అందలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిపెట్టిన ఒక కాపీ ఉండబట్టి ఆ ఆరు గంటల డేటాతో పోయింది. మనకి అలాంటి అదృష్టం ఉంటుందని లెక్క వేసుకోలేం.

అందుకే ఇప్పుడు కొనేముందు నేను రెండు అంకెలు కాగితం మీద రాయించుకుంటున్నాను. ఒకటి, ఎన్ని గంటల డేటా పోయినా తట్టుకోగలం. రెండు, ఎన్ని గంటల్లో మళ్ళీ బిల్లు కొట్టాలి. వాళ్ళ భాషలో ఆర్‌పీఓ, ఆర్‌టీఓ. (ఆర్‌టీఓ అంటే లైసెన్సుల ఆఫీసు కాదు, నేనూ మొదట అదే అనుకున్నాను.) ఈ అంకెలు వాళ్ళు చెప్పకూడదు, మనమే లెక్క వేసుకోవాలి. మాకు సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా గంటకి 40 బిల్లులు పడతాయి. ఒక గంట డేటా పోతే బిల్లుల డూప్లికేట్ కాపీలు చూసి ఆ రాత్రే ఎక్కించుకోగలం, ఒక రోజుది పోతే చేతకాదు. అందుకని బిల్లింగ్ డేటా గంటకోసారి. మళ్ళీ లేవడానికి నాలుగు గంటలు, ఎందుకంటే పొద్దున్న ఆర్డరు సాయంత్రానికి అందకపోతే షాపువాడు పక్క ఏజెన్సీకి ఫోన్ చేస్తాడు. స్కాన్ చేసిన పాత కొనుగోలు బిల్లులు రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా కొంప మునగదు, వాటికి ఖరీదైన ప్లాన్ అక్కర్లేదు. అన్నిటికీ ఒకే ప్లాన్ అంటగట్టడానికి చూస్తారు, పడకండి.

'రెండు గంటల్లో తెస్తాం' అంటే మీ డేటా సైజుని మీ నెట్ వేగంతో భాగించి చూడండి. 120 జీబీ డేటా 50 ఎంబీపీఎస్ లైన్ మీద దిగడానికే, ఎక్కడా ఆగకపోతే ఐదు గంటల ఇరవై నిమిషాలు. దించాక సాఫ్ట్‌వేర్ ఎక్కించి, డేటా సరిచూసే టైమ్ వేరే. అందుకే పక్కన మన దగ్గర కూడా ఒక కాపీ ఉండాలి. అయితే యూఎస్‌బీ డ్రైవ్‌ని ఇరవైనాలుగు గంటలూ సర్వర్‌కి గుచ్చి ఉంచకండి, రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే దాన్నీ లాక్ చేసేస్తుంది. మేం రెండు డ్రైవ్‌లు మార్చి మార్చి పెడుతున్నాం, ఒకటి ఎప్పుడూ ఇంట్లో బీరువాలో ఉంటుంది.

ఇంకొకటి చాలామంది చూసుకోరు. క్లౌడ్ ఖాతా ఎవరి మెయిల్ ఐడీతో తెరిచారు? మాది వాళ్ళ ఐడీతో తెరిచారు, పాస్‌వర్డ్ కూడా వాళ్ళ దగ్గరే. గొడవపడి వదిలేద్దామంటే మన డేటా వాళ్ళ గుప్పిట్లో ఉంటుంది. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. వాళ్ళు దుకాణం ఎత్తేశారని చెబితే ఆఫీసరు వింటాడా?

పచ్చ టిక్కుని ఇప్పుడు నేను నమ్మను. పొద్దున్న అకౌంట్స్ అమ్మాయి నోట్‌బుక్‌లో మూడు రాస్తుంది: బ్యాకప్ సైజు, అయిన టైము, అందులో ఉన్న చివరి బిల్లు నంబరు. మెయిల్ రాకపోతే ఆ రోజు బ్యాకప్ ఫెయిలైనట్టే లెక్క, తొమ్మిదిన్నరకి ఫోన్ చేయాల్సిందే. శనివారం మధ్యాహ్నం పాత ల్యాప్‌టాప్‌లో బ్యాకప్‌ని నిజంగా ఎక్కించి శుక్రవారం చివరి బిల్లు ప్రింట్ తీస్తాం. ముప్పావు గంట పని. రెండో శనివారమే అది తెరుచుకోలేదు, సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా ఫైలు కాపీ చేయడం వల్ల పాడైన కాపీ వచ్చింది. అంటే పాతవాళ్ళని వదిలి పెట్టుకున్న కొత్త బ్యాకప్ కంపెనీ కూడా మొదటి నెలలోనే దొరికిపోయింది. సరిచేశారు, కానీ చూడకపోతే వాళ్ళూ చెప్పేవాళ్ళు కాదు.

మీ దగ్గరికి వచ్చే సేల్స్ కుర్రాడిని బ్రోషర్ పక్కన పెట్టి ఒకటే అడగండి: "నిన్నటి చివరి బిల్లు ఇప్పుడు, నా ముందు, వేరే సిస్టమ్‌లో తెరిచి చూపించు." ముగ్గురిని అడిగాను. ఇద్దరు "మేనేజర్‌తో మాట్లాడి చెప్తాం సార్" అని వెళ్ళారు, ఇంకా రాలేదు.