జాగ్రత్త: ‘వెరికోస్ సాక్సులు’ ఫ్రీ సైజులో కొనకండి, ఫిజియోథెరపీ సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి

కాళ్ల మీద నరాలు ఉబ్బి, సాయంత్రమయ్యేసరికి చీలమండలు వాచిపోతున్నాయని వెతికేవాళ్లకు ముందుగా కనబడేది ‘వెరికోస్ సాక్సులు, క్లాస్ 2, ఫ్రీ సైజు’ అని రాసి ఉన్న ప్యాకెట్. అది కొన్నవాళ్ల గోడు దాదాపు ఒకేలా ఉంటుంది. గంట తిరక్కుండానే పైపట్టీ జారి పిక్క మీద తాడులా చుట్టుకుంటుంది. చర్మం మీద ఎర్రటి గాడి పడుతుంది. పాదం మునుపటికంటే ఎక్కువ వాస్తుంది. ప్యాకెట్ విప్పారు కాబట్టి వాపసు తీసుకోం అంటారు షాపువాళ్లు.

ఇందులో ముందు ‘నరాలు’ అన్న మాటతోనే ఒక చిక్కుంది. మనం నరాలు అంటాం గానీ ఇవి సిరలు, చెడు రక్తాన్ని గుండెకు చేర్చే గొట్టాలు. ఇలా ఉబ్బినవాటినే వెరికోస్ వెయిన్స్ అంటారు. ‘నరాల బలహీనత’ బిళ్లలు ఈ మాట మీదే అమ్ముడుపోతున్నాయి. వాటికీ ఈ జబ్బుకీ సంబంధం లేదు. సిరల్లో రక్తం పైకే వెళ్లేలా చిన్న చిన్న కవాటాలుంటాయి. అవి సరిగా మూసుకోకపోతే నిలబడ్డప్పుడు రక్తం కిందికి జారి చీలమండ దగ్గర పేరుకుంటుంది. కదలకుండా నిలబడ్డ మనిషికి అక్కడ సిరల్లో ఒత్తిడి 80-90 ఎంఎంహెచ్‌జీ (బీపీని కొలిచే ప్రమాణమే) దాకా ఉంటుంది. నడక మొదలుపెడితే పిక్క కండ రక్తాన్ని పిండి పైకి తోస్తుంది కాబట్టి, సిరలు బాగున్నవాళ్లలో అది 30 లోపుకి పడిపోతుంది.

మేజోడు చేసేదల్లా ఆ పిక్కకు బయటినుంచి ఆసరా ఇవ్వడం. అందుకే దాని పట్టు, అంటే బిగింపు, చీలమండ దగ్గర అన్నిటికంటే గట్టిగా ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గాలి. ఫ్రీ సైజుది చాలా కాళ్లకు దీనికి తలకిందులు: కింద వదులు, పిక్క దగ్గర బిగుతు. రక్తాన్ని పైకి పంపాల్సింది పోయి దారికి అడ్డంగా కట్టు కట్టినట్టవుతుంది.

పట్టు ఎంతో చెప్పే తరగతి ‘క్లాస్’. ‘క్లాస్ 2’ అన్న ఒక్క మాట చూసి డబ్బు ఇవ్వొద్దు. జర్మన్ ప్రమాణంలో క్లాస్ 2 అంటే 23-32 ఎంఎంహెచ్‌జీ, బ్రిటిష్ ప్రమాణంలో అదే క్లాస్ 2 అంటే 18-24. డాక్టరు రాసింది ఒకటి, షాపులో ఇచ్చింది ఇంకొకటి అయ్యేది ఇక్కడే. అట్టపెట్టె మీద ఎంఎంహెచ్‌జీ అంకె, సెంటీమీటర్లలో సైజు పట్టిక, ఈ రెండూ లేకపోతే విప్పకుండానే తిరిగిచ్చేయండి. ఆపరేషన్ అయి మంచం మీదున్నవాళ్లకు వేసే తెల్ల మేజోళ్లను కూడా కొందరు అంటగడుతున్నారు. వాటి పట్టు చీలమండ దగ్గర సుమారు 18 ఎంఎంహెచ్‌జీ. పడుకున్న మనిషి కాలిలో రక్తం గడ్డకట్టకుండా చేసినవవి, లేచి తిరిగే మనిషికి పనికిరావు.

కొలత పొద్దున్నే, మంచం దిగగానే, వాపు ఎక్కకముందు తీసుకోవాలి. చీలమండ గుబ్బలకు కాస్త పైన కాలు బాగా సన్నబడే చోట ఒకటి, పిక్క బాగా లావుగా ఉన్నచోట ఒకటి, మడమ కింది నేల నుంచి మోకాలి మడతకు రెండు వేళ్ల కిందివరకు పొడవు. రెండు కాళ్లకూ విడివిడిగా తీయండి, తేడా ఉండటం మామూలే. ఒక కంపెనీ ‘ఎం’ ఇంకో కంపెనీలో ‘ఎల్’ కావచ్చు, కాబట్టి అక్షరం కాదు, చీలమండ కొలతే చెప్పి అడగండి.

సరైనది కొన్నా తొడగడంలో పాడుచేసుకుంటారు. మేజోడును మడమ వరకు లోపలి వైపు బయటికి తిప్పి, ముందు పాదం దూర్చి, మడమ గుంట సరిగ్గా మడమ మీద కూర్చున్నాకే మిగతాది కొంచెం కొంచెంగా పైకి పాకించాలి. వంటగదిలో గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే బట్ట చేతికి దొరుకుతుంది, గోళ్లు తగిలి పోగులు తెగవు. పొడవు ఎక్కువైందని పైన మడత పెట్టారో, అక్కడ పట్టు రెట్టింపై కాలిని కట్టేస్తుంది. కొబ్బరినూనె రాసిన కాలికి వేయొద్దు. చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయాలి. రోజూ వేసేవాటి పట్టు ఆరు నెలలకు సడలిపోతుంది.

షుగరు ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు, నాలుగు అడుగులు వేయగానే పిక్క పట్టేసి ఆగాల్సి వచ్చేవాళ్లు డాక్టరును అడగకుండా ఏ మేజోడూ కొనకండి. వీళ్లలో ధమనులు, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే గొట్టాలు, కూడా పూడి ఉండొచ్చు. అలాంటి కాలిని బిగిస్తే వేళ్లకు రక్తం అందక పుండు పడొచ్చు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగించే ఏబీఐ పరీక్ష కొద్ది నిమిషాల పని. అది 0.5 కంటే తక్కువైతే ఈ మేజోళ్లు వేయకూడదు, 0.8 లోపైతే డాక్టరు చెప్పినంత పట్టే. షుగరువాళ్లలో ధమనులు గట్టిపడి ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, అందుకని 1.3 దాటినా నిశ్చింత పడొద్దు. రెండు కాళ్లూ సమానంగా వాస్తుంటే గుండె, కిడ్నీ, లేదా బీపీకి వాడే ఆమ్లోడిపిన్ బిళ్ల కారణం కావచ్చు. బోదకాలు వాపు మరో రకం. అందులో రెండో కాలివేలి మొదట్లో చర్మాన్ని చిటికెతో పట్టి లేపబోతే లేవదు.

ఇక ఫిజియోథెరపీ పేరుతో ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీలు. పడుకోబెట్టి కరెంటు ప్యాడ్లు, ఎర్రలైటు, వైబ్రేషన్ మెషీన్ పెట్టి పంపేస్తే అది సిరల జబ్బుకు ఫిజియోథెరపీ కాదు. ‘కవాటాలు మళ్లీ బాగవుతాయి’ అన్నచోట అసలు కట్టొద్దు. ఏ వ్యాయామమూ చెడిన కవాటాన్ని బాగుచేయదు, పిక్కకు బలం మాత్రమే ఇస్తుంది. మొదటి రోజే చీలమండ ఎంత వంగుతోందో కొలిచారా, నడక చూశారా అని గమనించండి. చీలమండ బిగుసుకుపోతే పిక్కకు ఎంత బలమున్నా రక్తాన్ని పైకి తోసే పంపులా అది సరిగా ఆడదు. నేర్పాల్సినవి సాదావే. గోడ పట్టుకుని మడమలు ఎత్తి మెల్లగా దించడం, 10 నుంచి 15 సార్లు, మూడు విడతలు. కూర్చున్నచోట గంటకోసారి పాదాలు ముందుకీ వెనక్కీ 20 సార్లు ఆడించడం. రోజుకు అరగంట నడక. పాదాలు గుండెకంటే ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టి రోజుకు మూడుసార్లు పావుగంట పడుకోవడం. మోకాలి కింద ఒక్క దిండు పెడితే చాలదు.

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, వేడిగా, పిక్క నొక్కితే నొప్పిగా ఉంటే మాలిష్ చేయించొద్దు, గాలితో నొక్కే బూట్ల మెషీన్ పెట్టించొద్దు. లోపలి సిరలో గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అదే రోజు డాప్లర్ (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీయించండి. ఆయాసం, ఛాతీలో నొప్పి కూడా తోడైతే డాప్లర్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.