రొయ్యల మేత కొట్టు పద్దుల్లో తొమ్మిదేళ్లు: జేక్వెరీ యూఐ, డేటాటేబుల్స్ వాడకంపై సమీక్ష

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో రొయ్యల మేత అమ్మే ఒక డీలరు కోసం 2016లో నేను రాసిచ్చిన లెక్కల అప్లికేషన్ ఇప్పటికీ రోజూ నడుస్తోంది. రైతులకు మేత బస్తాలు, మందులు అరువు మీద ఇవ్వడం, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) జరిగిన రోజున కౌంటును, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నదాన్ని బట్టి చేతికొచ్చిన సొమ్ములోంచి ఆ బాకీ రాబట్టుకోవడం, తీరకుండా మిగిలినదానికి వడ్డీ కట్టి తరువాతి పంటకు మోయడం, స్థూలంగా ఆ వ్యాపారం లెక్క ఇంతే. కొట్లోనే ఒక మూల పెట్టిన చిన్న సర్వర్ మీద అప్లికేషన్ ఉంటుంది. ముగ్గురు గుమస్తాలు తమ కంప్యూటర్లలో బ్రౌజరు తెరిచి పద్దులు రాస్తారు. ఈ పనికి తెర మీద అవసరమైన విడ్జెట్లు నాలుగే నాలుగు: తేదీ గడి, రైతు పేరు వెతికే గడి, పద్దుల పట్టిక, బిల్లు ఖరారు చేసే ముందు ఎదుటికి వచ్చే డైలాగ్. పట్టికకు డేటాటేబుల్స్‌ను, మిగిలిన మూడింటికి జేక్వెరీ యూఐని ఎంచుకున్నాను. రెండూ బ్రౌజరులో నడిచే, ముందే రాసి ఉంచిన కోడు కట్టలు, అంటే లైబ్రరీలు; జేక్వెరీ అనే మూల లైబ్రరీ మీద నడుస్తాయి. ఇన్నేళ్లలో అవి ఎక్కడ నిలబడ్డాయో, ఎక్కడ నన్ను ఇరుకున పెట్టాయో ఇక్కడ రాస్తున్నాను.

ఎంపిక నాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. యాహూ తన యూఐ లైబ్రరీ మీద కొత్త పనిని 2014 ఆగస్టులోనే ఆపివేసింది కాబట్టి దాని జోలికి పోలేదు. ఆ లైబ్రరీకి జోడింపుగా 2006లో పుట్టి, తరువాత వేరుకుంపటి పెట్టుకున్న ఎక్స్‌ట్ జేఎస్‌లో పట్టికలు, ఫారాలు, చార్టులు అన్నీ ఒకే కుదురులో దొరికేవి; గ్రిడ్ (పట్టిక) విషయంలో దానికి సాటి వచ్చేవి ఆనాడు తక్కువ. అయితే 2008 నుంచి అది జీపీఎల్ మూడవ వెర్షన్ (దాన్ని కలిపి పంచే మన కోడును కూడా అదే షరతు మీద బయటపెట్టాలనే లైసెన్సు) కింద గానీ, డబ్బు చెల్లించి కొనే లైసెన్సు కింద గానీ లభించేది. నా కోడును జీపీఎల్ కింద ఇవ్వదలచుకోలేదు, ఇద్దరమే పనిచేసే మాకు కొనే స్తోమతా లేదు. డోజో అనే మరో లైబ్రరీ ఉచితమే గాని, దాని పద్ధతి నేర్చుకోవడానికి పట్టే కాలాన్ని డీలరు భరించడు. జేక్వెరీ యూఐ, డేటాటేబుల్స్ రెండూ అలాంటి షరతు లేకుండా ఉచితంగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కిందివి, జేక్వెరీ అప్పటికే నా చేతికి అలవాటైన పనిముట్టు. డెమో పేజీల్లో ప్రతి విడ్జెట్టూ పెళ్లికొడుకులాగే కనిపిస్తుంది కాబట్టి వాటిని చూసి తేల్చుకోవడం కన్నా లైసెన్సు కాగితం, చేతి అలవాటు ఈ రెండింటినీ నమ్ముకోవడం మేలనిపించింది. ఆ లెక్క సగం సరిపోయింది.

తేదీ గడితో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటి దెబ్బ అక్కడే తిన్నాను. జేక్వెరీ యూఐ తేదీ గడి మనం ఏమీ చెప్పకపోతే అమెరికా పద్ధతిలో నెలను ముందు, రోజును తరువాత చూపిస్తుంది. మేత ఇచ్చే ఫారంలో ఈ వరుసను మార్చాను గాని, మందులు ఇచ్చే ఫారంలో మార్చడం మరిచిపోయాను. దాంతో మార్చి 5న ఇచ్చిన మందు మే 3న ఇచ్చినట్లు పద్దులోకి ఎక్కింది. నెలలో 12వ తేదీ దాటిన రోజైతే తప్పు వెంటనే బయటపడేది. దాటని రోజుల్లో మాత్రం గడి నోరు మూసుకుని తప్పును ఒప్పుకుంది. పంట తీసేసిన తరువాత ఏ మందు తీసుకున్నానని ఒక రైతు నిలదీసేదాకా ఎవరికీ తెలియలేదు. అన్ని ఫారాలకూ ఒకేచోట అమరిక నిర్ణయించే సదుపాయం ఆ లైబ్రరీలో ఉంది. దానిని మొదటి రోజే వాడవలసింది. వాడకపోవడం నా తప్పే. ఇంకొక చిత్రం కూడా చెప్పాలి. సంవత్సరాన్ని నాలుగంకెల్లో చూపడానికి ఇక్కడ వై అక్షరాన్ని రెండుసార్లే రాయాలి. ఇతర ప్రోగ్రామింగ్ భాషల అలవాటుతో నాలుగుసార్లు రాస్తే గడిలో సంవత్సరం రెండుసార్లు పడి 20162016 అని కనిపిస్తుంది.

అమరిక సరిచేశాక మాత్రం ఈ గడి నమ్మకమైన నౌకరులా పనిచేసింది. గుమస్తాకు రోజు, నెల, సంవత్సరం వరుసలో చూపిస్తూనే, పక్కన దాచిన మరొక గడిలో సంవత్సరం ముందుండే పద్ధతిలో అదే తేదీని నింపి సర్వర్‌కు పంపే ఏర్పాటు అందులో సిద్ధంగా ఉంటుంది. ఒక ఇబ్బంది మిగిలింది. అమరికలో ఏటవాలు గీత ఉంటే, అంకెలూ ఆ గీతా తప్ప మరే అక్షరాన్నీ గడి తీసుకోదు. మా పెద్ద గుమస్తా ముప్పై ఏళ్లుగా ఖాతా పుస్తకంలో తేదీల మధ్య అడ్డగీత రాసిన మనిషి. ఆయన అడ్డగీత మీట నొక్కితే గడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. కీబోర్డు చెడిపోయిందని రెండుసార్లు కొత్తది తెప్పించారు. అడ్డగీత నొక్కినా ఏటవాలు గీతే పడేలా నాలుగు వరుసల కోడు నేను రాసేదాకా ఆ సంగతి తేలలేదు.

పేరు వెతికే గడి కథ ఇంకా మన ప్రాంతపుది. పెంచలకోన నరసింహస్వామి పుణ్యమా అని నెల్లూరు జిల్లాలో పెంచలయ్యలకు కొదవ లేదు; ఈ ఒక్క కొట్టు ఖాతాల్లోనే పధ్నాలుగు మంది ఉన్నారు. జేక్వెరీ యూఐ వెతుకుడు గడి సూచనల జాబితాలో ఒక వరుస ఎలా కనిపించాలో మనమే రాసుకునే వీలు ఇస్తుంది కాబట్టి, పేరు కింద చిన్న అక్షరాల్లో ఊరు, తండ్రి పేరు, ప్రస్తుత బాకీ చూపించాను. ఈ ఒక్క మార్పుతో గుమస్తాలు సగం నిశ్చింతగా ఊపిరి తీసుకున్నారు. ఆ తరువాత వాళ్లే వేగం కావాలని అడిగితే, మొదటి సూచనను తనంతట తానే ఎంచుకునే అమరికను ఆన్ చేశాను. వారం తిరగకముందే ముదివర్తి పెంచలయ్య తీసుకున్న మేత రామతీర్థం పెంచలయ్య ఖాతాలో పడింది, ఎందుకంటే ట్యాబ్ మీట నొక్కగానే జాబితాలో పైనున్న పేరు దిగిపోతుంది. ఆ అమరిక మామూలుగా ఆఫ్‌లో ఉండేది అందుకేనని అప్పుడు బోధపడింది. తెలుగు టైపింగులో ఒక్కొక్క అక్షరం రెండు మూడు మీటల్లో పూర్తవుతుంది గనుక, వెతుకుడు మొదలయ్యే ముందు ఆగే వ్యవధిని మామూలుగా ఉండే 300 మిల్లీసెకన్ల నుంచి 500కు పెంచాను. కనీసం రెండు అక్షరాలు పడేదాకా సర్వర్‌ను కదిలించవద్దని చెప్పాను. అప్పటినుంచి పొల్లుతో ఆగిన సగం అక్షరాలకు జాబితా గెంతులు వేయడం తగ్గింది.

ఇక పట్టిక. డేటాటేబుల్స్ గురించి నాకున్న గౌరవమంతా ఒక గుణం మీద నిలబడింది: అది మామూలు హెచ్‌టీఎంఎల్ పట్టిక మీద కూర్చుంటుంది. వరుసలు పేజీలోనే రాసి ఉంటే, స్క్రిప్టు ఏ కారణం చేతనైనా పనిచేయకపోయినా వెతుకుడు, వరుసల అమరిక పోతాయి గాని పద్దులు కళ్లముందు ఉంటాయి. దీని విలువ 2021 నవంబరులో తెలిసింది. పెన్నకు పెద్ద వరద వచ్చి నెల్లూరు దగ్గర జాతీయ రహదారి కోతకు గురైన ఆ రోజుల్లో కొట్టుకు ఇంటర్నెట్ పోయింది. సర్వర్ కొట్లోనే ఉంది, జనరేటరు ఉంది, అప్లికేషన్ తెరుచుకుంది. కాని లైబ్రరీ ఫైళ్లను నేను బయటి సీడీఎన్ (ఇంటర్నెట్ మీద ఇలాంటి ఫైళ్లను అందించే సర్వర్లు) నుంచి తెప్పిస్తున్నాను కాబట్టి విడ్జెట్లన్నీ చచ్చుబడ్డాయి. తేదీ గడి వట్టి గడిగా మారింది, పేరు వెతకడం ఆగింది. పట్టిక మాత్రం బోడిగానైనా నిలిచింది. చెరువుల్లో సరుకు ఉన్న రైతులకు ఎవరికి ఎన్ని బస్తాలు బాకీ ఉందో అందులోంచి చదివి చెప్పగలిగారు. నెట్ తిరిగి వచ్చిన రోజే ఫైళ్లన్నీ కొట్లోని సర్వర్‌లోకి దించాను. అవసరమైన విడ్జెట్లను మాత్రమే ఏరుకుని దించుకునే వీలు జేక్వెరీ యూఐ వెబ్‌సైట్‌లోనే ఉంది కాబట్టి అది అరగంట పని.

పట్టికలో చిక్కులు లేకపోలేదు. మొదట్లో పద్దులన్నింటినీ బ్రౌజరులోకి ఒకేసారి దించి, పేజీలు విడదీసే పనిని అక్కడే చేయించాను. ఆ వరద తరువాత కొన్నాళ్లకు వరుసలు నలభై వేలు దాటేసరికి, పాత కంప్యూటర్లలో పేజీ తెరిచి టీ తాగి రావలసి వచ్చేది. అప్పుడు సర్వర్ నుంచి ఏ పేజీకి ఆ పేజీ తెప్పించే పద్ధతికి మారాను. ఆ పద్ధతిలో వెతుకుడు, వరుసల అమరిక, మొత్తం లెక్కపెట్టడం అన్నీ మన సర్వర్ కోడు నెత్తిన పడతాయి. డేటాటేబుల్స్ చేసేది అడగడం, చూపించడం మాత్రమే. ప్రతి అభ్యర్థనకు అది ఒక సంఖ్య వేసి పంపి, జవాబులో అదే సంఖ్య తిరిగి రావాలంటుంది. మెల్లటి లైను మీద పాత జవాబు ఆలస్యంగా వచ్చి కొత్త జవాబు మీద పడకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. అడుగు వరుసలో మొత్తం చూపించేటప్పుడు నేను కనిపిస్తున్న పేజీ వరకే కూడిన పొరపాటు ఇంకొకటి. డీలరు తనకు రావలసిన బాకీ ఇంతేనా అని గుండె పట్టుకున్నంత పని చేశాడు.

అంకెల మధ్య కామాల సంగతి కూడా డీలరే పట్టుకున్నాడు. లైబ్రరీలో ఉన్న సంఖ్యల అమరికకు కామా గుర్తును ఇస్తే అది మూడేసి అంకెలకు ఒకటి పెడుతుంది. పన్నెండు లక్షల నలభై ఐదు వేల ఆరు వందలు తెర మీద 1,245,600 అని కనిపించింది. ఆయన బొటనవేలు తెరమీద ఆనించి అంకెలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, ఇది ఏ దేశపు లెక్కని అడిగాడు. బ్రౌజరులోనే ఉండే అంతర్జాతీయ సంఖ్యల అమరికకు భారత ఇంగ్లీషు లేదా భారత తెలుగు అని చెబితే 12,45,600 అని చక్కగా వస్తుంది. లైబ్రరీ కామాలను తీసేసి దానిని తగిలించాను. తేదీలను క్రమంలో పెట్టడానికి కూడా ఇలాంటి చిన్న పనే ఉంది. రోజు ముందుండే తేదీని లైబ్రరీ వట్టి అక్షరాలుగా చూసి జనవరి 2 కన్నా డిసెంబరు 1ని ముందు పెడుతుంది. ఆ గడికే క్రమం కోసం వేరే విలువ తగిలించే ఏర్పాటు ఉంది, దాంతో సరిపోతుంది.

డేటాటేబుల్స్ పీడీఎఫ్ ఎగుమతి వాడే మామూలు ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి పేర్ల చోట ఏమీ చదవలేని గుర్తులు వస్తాయి. తెలుగు ఫాంటు అందులోకి ఎక్కించే పాటు పడకుండా బ్రౌజరు ప్రింటుతోనే పని జరుపుకుంటున్నాను. అక్షరాల విషయంలో ఈ పట్టికకు నేను మొక్కేది వేరొకందుకు. మధ్యలో 2018లో, వేగం కోసం ఇంకొక గ్రిడ్‌ను ప్రయత్నించాను. తెర మీద కనిపించే వరుసలను మాత్రమే గీసే ఆ గ్రిడ్ వేగం నిజంగా అద్భుతం. కాని అందుకోసం ప్రతి వరుస ఎత్తునూ 25 పిక్సెళ్లకు బిగిస్తుంది, మించినదాన్ని కత్తిరిస్తుంది. మన అక్షరాలకు కింద వత్తులు ఉంటాయన్న సంగతి దానికి తెలియదు. పెద్ద గుమస్తా తెర చూసి, "ఏందబ్బాయ్, సుబ్బయ్యను సుబయ చేసి పెట్టావే" అన్నాడు. ఎత్తు పెంచి సరిచేయవచ్చు, చేశాను కూడా. కాని తెరమీద పట్టే వరుసలు తగ్గిపోయి గుమస్తాలు ఒప్పుకోలేదు. డేటాటేబుల్స్‌లో వరుస ఎత్తు మామూలు పట్టికలాగే లోపలి అక్షరాన్ని బట్టి పెరుగుతుంది. ఏ గ్రిడ్‌నైనా కొనే ముందు, దించుకునే ముందు అందులో సుబ్బయ్య, కృష్ణయ్య అనే రెండు పేర్లు రాసి చూడడం అప్పటినుంచి నాకు అలవాటైంది.

అదే ఏడాది డబ్బు పెట్టి ఒక విడ్జెట్ల కట్ట కూడా కొన్నాను, పేరు అనవసరం. వందకు పైగా విడ్జెట్లు ఉన్న ఆ కట్టలో నేను వాడినవి మూడు. ఏడాది గడిచాక చందా కట్టకపోతే కొత్త దిద్దుబాట్లు రావని తెలిసే కొన్నాను గాని, అప్పటి బ్రౌజరు మార్పుకు దాని డైలాగ్ పనిచేయడం మానేసినప్పుడు ఆ షరతు అసలు బరువు తెలిసింది. తీసేయడానికి పదిరోజులు పట్టింది. జేక్వెరీ యూఐ డైలాగ్‌ను తిరిగి పెట్టడానికి ఒక పూట చాలింది.

ఈ రోజు కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదే జోడీని సిఫారసు చేస్తానా అంటే, చేయను. జేక్వెరీ యూఐ 2021 నుంచి నిర్వహణ దశలో ఉంది. అవసరమైన దిద్దుబాట్లు తప్ప కొత్త విడ్జెట్లు ఆశించకూడదు. డైలాగ్‌కు ఇప్పుడు బ్రౌజర్లన్నింటిలో సొంత మూలకమే (హెచ్‌టీఎంఎల్ ట్యాగే) ఉంది. బ్రౌజరు సొంత తేదీ గడిని కూడా చూశాను గాని, అది తేదీని ఏ వరుసలో చూపాలో బ్రౌజరు భాష అమరికను బట్టి తేల్చుకుంటుంది, నా మాట వినదు. అమెరికా ఇంగ్లీషు పెట్టిన కంప్యూటరులో మళ్లీ నెలే ముందు వస్తుంది.

పట్టికకు మాత్రం 2023లో చీమకుర్తిలోని ఒక గ్రానైటు పాలిషింగ్ ఫ్యాక్టరీ స్లాబుల లెక్కకు టాబ్యులేటర్ అనే పట్టిక లైబ్రరీ వాడాను. జేక్వెరీ అక్కర లేదు, ఎంఐటీ లైసెన్సే, గడిలోనే పొడవు, ఎత్తు అంగుళాల్లో దిద్దుకునే వీలు ఉచితంగా ఉంది. డేటాటేబుల్స్‌లో ఆ పని చేసే ఎడిటర్ జోడింపును కొనుక్కోవాలి. పట్టికకు ఎత్తు ఇవ్వడం మరిచిపోతే మాత్రం కనిపించే వరుసలనే గీసే దాని నేర్పు పనిచేయదు, స్లాబులన్నీ ఒక్కసారిగా తెరమీదికి దిగుతాయి. కామాలు అక్కడా మూడేసి అంకెలకే. కామాల కోసం రాసుకున్న నా పాత ఫంక్షన్‌ను అక్కడికీ తీసుకుపోయాను.

విడవలూరు కొట్లో డైలాగ్‌ను నిరుడు బ్రౌజరు మూలకానికి మార్చాను. పేరు వెతికే గడిని ఈ సంక్రాంతి తరువాత, చెరువులు ఎండబెట్టి కొట్లో రద్దీ తగ్గిన రోజుల్లో మారుస్తాను. తేదీ గడిని కదిలించే ఉద్దేశం లేదు. అడ్డగీతను ఏటవాలు గీతగా మార్చే ఆ నాలుగు వరుసల కోడుతో సహా అది అక్కడే ఉంటుంది.