యాభై వేల మెయిళ్లు పంపిస్తామన్నారు, నా పాత కస్టమర్లకే నా మెయిల్ అందకుండా పోయింది

దసరాకు ఇంకా పన్నెండు రోజులుందనగా హైదరాబాద్ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "అమ్మాయ్, డబ్బులు కట్టి మూడు రోజులైంది. బొమ్మలు పంపావో లేదో ఒక్క ముక్కయినా రాయవేం?" నేను రాశాను. డబ్బు పడిన నిమిషంలోనే ఆర్డర్ అందిందని ఒక మెయిల్, కొరియర్‌కి ఇచ్చిన రోజు ట్రాకింగ్ నంబరుతో ఇంకో మెయిల్ వెళ్లాయి. ఆవిడ ఫోన్‌లోనే ఉండగా స్పామ్ ఫోల్డర్ తెరవమన్నాను. రెండూ అక్కడే ఉన్నాయి, ఎవరో లాటరీ తగిలిందని పంపిన మెయిల్ పక్కన.

ఆ సాయంత్రానికి అలాంటి ఫోన్లు ఐదు వచ్చాయి. వైజాగ్‌లో ఇంట్లోంచి ఆన్‌లైన్ అమ్మకాలు చేసుకునేవాళ్లు, ముఖ్యంగా "ఈమెయిల్ మార్కెటింగ్ ప్యాకేజీ" అంటూ ఎవరైనా ఫోన్ చేస్తున్నవాళ్లు, ఇది పూర్తిగా చదవండి.

మాది ఎంవీపీ కాలనీలో ఇంటి ముందు గదిలో నడిచే వ్యాపారం. ఏటికొప్పాక నుంచి లక్క బొమ్మలు తెచ్చి సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతాను. దసరా, సంక్రాంతి కొలువులకే ఏడాది అమ్మకాల్లో సగానికి పైగా జరిగిపోతుంది. నాలుగేళ్లలో కూడబెట్టుకున్న కస్టమర్లు 640 మంది. వాళ్లకు రెండు నెలలకోసారి నేనే మెయిల్ రాసేదాన్ని. కొత్త పెళ్లికూతురు బొమ్మలు వచ్చాయి, అంకుడు కర్ర దొరకడం కష్టమైంది కాబట్టి ఈసారి ధర పెరిగింది, ఇలాంటి కబుర్లు. చదివి జవాబు రాసేవాళ్లు కూడా ఉండేవారు.

ఆశ నాదే, ఒప్పుకుంటాను. ద్వారకానగర్‌లో ఒక ఏజెన్సీ వాళ్లు 18,000 రూపాయలకు యాభై వేల మందికి మెయిల్ పంపిస్తామన్నారు. "అన్నీ వెరిఫైడ్ మెయిల్ ఐడీలు మేడమ్, అందరూ హ్యాండీక్రాఫ్ట్స్ కొనేవాళ్లే." ఏసీ గది, గోడ మీద గ్రాఫులు, చేతికి కాఫీ. 640 పక్కన 50,000 పెట్టి చూసుకుంటే ఎవరికైనా తల తిరుగుతుంది. మా వెబ్‌సైట్ పేరును (డొమైన్‌ను) నడిపే ఖాతా పాస్‌వర్డ్ అడిగారు, ఇచ్చేశాను. తాళంచెవి ఇచ్చేశానని అప్పుడు తెలీదు.

మెయిళ్లు వెళ్లిన మర్నాడు రిపోర్టు పంపారు. 41 శాతం మంది తెరిచారట! ఇరవై వేల మంది నా బొమ్మలు చూశారని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. వారం రోజుల్లో వచ్చిన ఆర్డర్లు రెండు. అందులో ఒకటి మా పిన్నిది.

ఆ 41 శాతం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అమ్మేవాళ్లందరూ చూపించేది ఆ అంకే. మెయిల్‌లో కంటికి కనిపించనంత చిన్న బొమ్మ ఒకటి పెడతారు. అది లోడ్ అయితే మెయిల్ తెరిచినట్టు లెక్క. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో ఒక ప్రైవసీ సదుపాయం తెచ్చింది. అది పెట్టుకున్నవాళ్లు మెయిల్ ముట్టుకోకపోయినా ఆ బొమ్మలు ముందే లోడ్ అయిపోతాయి. ఆఫీసుల్లో వైరస్ కోసం మెయిళ్లు వెతికే సాఫ్ట్‌వేర్లు కూడా లింకులన్నీ నొక్కి చూస్తాయి. కాబట్టి ఓపెన్ రేటు చూపించి మురిపిస్తే మురిసిపోకండి. ఎన్ని ఆర్డర్లు, ఎన్ని జవాబులు వచ్చాయో అడగండి.

ఫోన్లు వచ్చిన రోజు రాత్రి మా మరిది వచ్చాడు. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తనది. ఏజెన్సీ వాళ్లు వాళ్ల పనితనానికి రుజువుగా పంపిన ఎక్సెల్ షీట్ తెరిచాడు. మొదటి పేజీలోనే వరసగా కంపెనీల హెచ్‌ఆర్ ఐడీలు, సేల్స్ ఐడీలు. వాటిని పిల్లలకు లక్క బొమ్మలు కొనిపెట్టే మనుషులంటే ఎలా నమ్మాలి? కిందికి పోతే జీమెయిల్ స్పెల్లింగ్ తప్పు ఉన్న ఐడీలు వందల కొద్దీ, ఒకే ఐడీ మూడుసార్లు. ఉన్నట్టుండి "వదినా, ఇది మీదే కదా?" అన్నాడు. నిజమే. 2011లో ఒక జాబ్ మేళాలో ఫారం మీద రాసిచ్చిన నా పాత ఐడీ. పెళ్లికి ముందటి ఇంటిపేరుతో, పుట్టిన సంవత్సరంతో సహా. నా బొమ్మల ప్రకటన నాకే పంపడానికి నా దగ్గరే డబ్బు తీసుకున్నారన్నమాట.

అసలు నష్టం మాత్రం ఆ పద్దెనిమిది వేలు కాదు. నా పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, మా డొమైన్ ఎస్‌పీఎఫ్ రికార్డులో వాళ్ల సర్వర్ పేరు చేర్చారు. ఫలానా సర్వర్ మా తరఫున మెయిల్ పంపొచ్చు అని లోకానికి చెప్పే చీటీ అది. డీకిమ్ అనే డిజిటల్ సంతకం కూడా మా పేరునే పెట్టారు. దాంతో ఆ యాభై వేల చెత్త మెయిళ్లూ నేనే స్వయంగా పంపినట్టు పక్కా కాగితాలతో వెళ్లాయి. చూసి విసుక్కున్నవాళ్లు స్పామ్ బటన్ నొక్కారు. ఆ చెడ్డపేరు ఏజెన్సీకి కాదు, మా డొమైన్‌కి అంటుకుంది. ఆర్డర్ మెయిళ్లూ అదే డొమైన్ నుంచి వెళ్తాయి కాబట్టి అవీ మునిగాయి.

ఎంతమంది నొక్కితే మునుగుతామో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, వాటి తనిఖీలో నిలవని మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్ మూడూ ఉండాలి, ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఇక వద్దనుకునే (అన్‌సబ్‌స్క్రైబ్) సదుపాయం ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యికి ముగ్గురు. 0.1 శాతం లోపే ఉంచుకోమని గూగుల్ సలహా. ముక్కూమొహం తెలియని యాభై వేల మందిలో వెయ్యికి ముగ్గురు విసుక్కోరా? నా మెయిల్ అడుగున అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాల్లో ఉంది. వద్దనుకునేవాడికి స్పామ్ బటన్ తప్ప ఇంకో దారి వదల్లేదు. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో ఈ ఫిర్యాదుల శాతం ఉచితంగా చూసుకోవచ్చు. అది ముందే పెట్టుకుని ఉంటే నాకు ఒకట్రెండు రోజుల్లో తెలిసేది.

ఇంకా విచిత్రం వినండి. నేను వెళ్లి గొడవపడితే ఆ మేనేజర్ ఏమాత్రం తొణకలేదు. "మీ డొమైన్ బ్లాక్‌లిస్ట్‌లో పడినట్టుంది మేడమ్. తీయించడానికి ఆరు వేలవుతుంది." ఇల్లు తగలబెట్టి నీళ్లు అమ్మినట్టుంది వ్యవహారం. బ్లాక్‌లిస్ట్ అంటే స్పామ్ పంపేవాళ్ల పేర్ల జాబితా. స్పామ్‌హౌస్ లాంటి పెద్ద బ్లాక్‌లిస్టుల్లోంచి పేరు తీయించుకోవడానికి పైసా అక్కర్లేదు. తప్పు సరిదిద్దుకుని వాళ్ల సైట్‌లో మనమే అడగొచ్చు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

బాగుచేసుకోవడానికి ఏడు వారాలు పట్టింది. దసరా పోయింది. పాస్‌వర్డులు మార్చి, వాళ్ల సర్వర్ పేరు తీసేశాం. ఆర్డర్ మెయిళ్లకు ఒక సబ్‌డొమైన్ (మా డొమైన్ కిందే ఇంకో పేరు), కబుర్లకు ఇంకొకటి విడగొట్టాం. తర్వాత మొదటి వారం గత ఆరు నెలల్లో కొన్నవాళ్లకే, రోజుకు ముప్పై చొప్పున, "ఇకముందు కూడా రాయమంటారా?" అని ఒక్క ప్రశ్న పంపాను. ఆ తర్వాత ఇంకాస్త పాతవాళ్లకు. జవాబిచ్చినవాళ్లనే ఉంచి మిగతా పేర్లు తీసేశాను. 640లో 388 మిగిలారు. తీసేస్తుంటే ప్రాణం పోయినట్టే ఉంది. కానీ సంక్రాంతికి ఆ 388 మందికి పంపిన ఒక్క మెయిల్‌కు 47 ఆర్డర్లు వచ్చాయి.

కాబట్టి మీ దగ్గరకొచ్చే ఏజెన్సీని ముందు ఒకటే అడగండి: ఈ ఐడీలు ఎవరివి, నా నుంచి మెయిల్ రావడానికి వాళ్లు ఎప్పుడు ఒప్పుకున్నారు? నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. కొన్న లిస్టులకు పంపడాన్ని, మన తరఫున మెయిళ్లు పంపిపెట్టే మెయిల్‌చింప్ లాంటి సర్వీసులు తమ నిబంధనల్లోనే నిషేధించాయి. అందుకే ఇలాంటివాళ్లు ఎప్పుడూ "మా సొంత సర్వర్" అంటారు. వ్యక్తిగత సమాచారం వాడుకోవడానికి మనిషి అనుమతి కావాలన్న చట్టం మన దేశంలోనూ 2023లో వచ్చింది. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మెయిల్ మీద ఉండేది మీ దుకాణం పేరే. డొమైన్ పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఏం చేర్చాలో రాసిమ్మని, మీరే చేర్చండి.

డబ్బు సంగతి ఇంకా తేలలేదు. నాకిచ్చింది జీఎస్టీ బిల్లు కాదు, "ఎస్టిమేట్" అని రాసిన తెల్లకాగితం. వ్యాపారం కోసం కొన్న సేవ కాబట్టి వినియోగదారుల చట్టం వర్తించదని మేనేజర్ దబాయించాడు. అయితే స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం వస్తువులు కొన్నవాళ్లకు 2019 చట్టంలో మినహాయింపు ఉంది. సేవల మాట అందులో స్పష్టంగా లేకపోయినా అడిగి చూద్దామనుకున్నాను. ఆ ఆశతోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. యూపీఐ రసీదు, వాట్సాప్ మాటలు, ఆ ఎక్సెల్ షీట్ అన్నీ దాచాను. మీరు కూడా ఇలాగే మోసపోయి ఉంటే అవి చెరిపేయకండి.

మొన్న మంగళవారం జాబ్ మేళా నాటి ఆ పాత ఐడీకి ఒక మెయిల్ వచ్చింది. యాభై వేల వెరిఫైడ్ కస్టమర్లు, పండగ ఆఫర్ కింద 15,000కే. అదే ఏజెన్సీ. స్పామ్‌లో పడింది.