కొన్న గేముకు తాళం ఎందుకు పడుతుంది? పీఎస్5, ఎక్స్‌బాక్స్, స్విచ్ లైసెన్స్ తనిఖీలపై దీర్ఘకాల సమీక్ష

డిజిటల్ గేము కొంటే మన కన్సోల్‌లోకి, అంటే గేములు ఆడే మిషన్‌లోకి, వచ్చేవి రెండు. మొదటిది డ్రైవ్‌ను నింపేసే గేము డేటా. రెండోది ఆ డేటాను తెరవడానికి అనుమతించే చిన్న లైసెన్స్. వంద జీబీ డౌన్‌లోడ్ పూర్తయినా ఆ లైసెన్స్ చెల్లదని కన్సోల్ అనుకుందంటే ఐకాన్ మీద తాళం గుర్తు పడుతుంది. తనిఖీ అంటే కన్సోల్ సర్వర్‌ను అడిగే ఒక ప్రశ్న అంతే: ఈ అకౌంట్‌కు ఈ గేము ఉందా, ఈ మిషన్ మీద ఆడనివ్వచ్చా? దీనికి ఖర్చయ్యే డేటా లెక్కలోకి కూడా రాదు, ఫోన్ హాట్‌స్పాట్ చాలు.

సోనీ ప్లేస్టేషన్ (పీఎస్), మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ అనే మూడు కంపెనీల కన్సోళ్లనూ ఏళ్ల తరబడి వాడి చూస్తే తేలేది ఏమిటంటే, డబ్బు పెట్టి కొన్నవాళ్లకు వచ్చే లైసెన్స్ చిక్కుల్లో ఎక్కువ భాగం ఒకే ఒక్క సెట్టింగ్ తప్పు చోట ఉండటం వల్ల వస్తాయి. మిగతావి మన చేతిలో లేనివి: సర్వర్ పడిపోవడం, లోపలి గడియారం బ్యాటరీ చావడం, కంపెనీ గేమునే మూసేయడం.

పీఎస్5, పీఎస్4

పీఎస్5లో ఆ సెట్టింగ్ పేరు కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే. సెట్టింగ్స్, యూజర్స్ అండ్ అకౌంట్స్, అదర్ అనే వరసలో వెళ్తే కనిపిస్తుంది. ఒక అకౌంట్‌కు ఒక్క పీఎస్5 మీదే ఇది ఆన్‌లో ఉంటుంది. ఆన్‌లో ఉన్న కన్సోల్‌లో ఆ అకౌంట్ కొన్న గేములను ఇంట్లో ఎవరి యూజర్ నుంచైనా, నెట్ లేకపోయినా ఆడొచ్చు. ఆఫ్‌లో ఉన్న కన్సోల్‌లో మాత్రం కొన్న అకౌంటే లాగిన్ కావాలి, నెట్ కూడా ఉండాలి. పీఎస్4లో ఇదే పనిని అకౌంట్ మేనేజ్‌మెంట్‌లోని యాక్టివేట్ యాజ్ యువర్ ప్రైమరీ పీఎస్4 చేస్తుంది. రెంటి లెక్కలూ వేరువేరు కాబట్టి ఒకే అకౌంట్‌తో ఒక పీఎస్5, ఒక పీఎస్4 రెండూ ఆఫ్‌లైన్‌లో నడుస్తాయి. ఈ సంగతి తెలియక పాత పీఎస్4ను డీయాక్టివేట్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అవసరం లేదు.

ఇబ్బంది మొదలయ్యేది పాత కన్సోల్‌ను అమ్మేటప్పుడు, లేదా అది పాడై చేయి దాటిపోయినప్పుడు. అమ్మే ముందు ఆ మిషన్‌లోనే షేరింగ్ ఆఫ్ చేసి, ఆ తర్వాతే రీసెట్ కొట్టాలి. మర్చిపోతే వెబ్‌లో అకౌంట్ పేజీకి వెళ్లి అన్ని పరికరాలనూ ఒకేసారి డీయాక్టివేట్ చేసే దారి ఉంది, కానీ దాన్ని ఆరు నెలలకు ఒక్కసారే వాడనిస్తారు. ఒకసారి వాడేసి, రెండు నెలలకు మళ్లీ అవసరం పడితే ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు.

సెట్టింగ్ సరిగానే ఉంది, అయినా తాళం పడింది అంటే గేము డిలీట్ చేసి మళ్లీ దింపకండి. దానికి ముందు అదే మెనూలో ఉన్న రిస్టోర్ లైసెన్సెస్ నొక్కండి. అది అకౌంట్‌లోని కొనుగోళ్లన్నింటికీ లైసెన్సులు తాజాగా తెస్తుంది. నిమిషంలో అయిపోయే పనికి వంద జీబీ ఎందుకు వృథా చేసుకోవాలి? సోనీ చందా పథకమైన పీఎస్ ప్లస్‌తో వచ్చిన గేములైతే రిస్టోర్ చేసినా చందా తేదీ దాటితే తెరుచుకోవు. కొన్నవాటికీ చందావాటికీ తాళం గుర్తు ఒకేలా కనిపిస్తుంది కాబట్టి, ముందు ఆ గేము ఏ రకంగా మన లైబ్రరీలోకి వచ్చిందో చూసుకోవాలి.

ఈ పద్ధతికి అసలు పరీక్ష 2025 ఫిబ్రవరిలో ఎదురైంది. సోనీ ఆన్‌లైన్ సేవ అయిన ప్లేస్టేషన్ నెట్‌వర్క్ (పీఎస్ఎన్) దాదాపు 24 గంటలు పడిపోయింది. షేరింగ్ ఆన్‌లో ఉన్న కన్సోళ్లలో సింగిల్ ప్లేయర్ గేములకు సర్వర్ అక్కర్లేదు. సర్వర్‌ను అడిగి తీరాల్సిన రెండో కన్సోల్ వాళ్లకు మాత్రం ఆ రోజు ఆట లేదు. సోనీ తర్వాత పీఎస్ ప్లస్ సభ్యులకు అయిదు రోజులు అదనంగా కలిపింది. చందా లేకుండా గేములు కొనుక్కున్నవాళ్లకు ఆ అయిదు రోజులు దేనికి పనికొస్తాయో మరి.

అటక మీది పీఎస్4, చచ్చిపోయిన బ్యాటరీ

అందరూ వదిలేసే సంగతి ఇది. పీఎస్4 లోపల గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఉంటుంది. కరెంటు తీసేసి ఏళ్ల తరబడి పక్కన పెడితే అది అయిపోతుంది, గడియారం తప్పిపోతుంది. ట్రోఫీలు (ఆటలో సాధించినదానికి వచ్చే గుర్తింపులు) ఏ రోజు ఏ సమయానికి వచ్చాయో తప్పుడు తేదీ వేసే వీలు ఉండకూడదని సోనీ గడియారాన్ని సర్వర్‌తో ముడిపెట్టిందని చెబుతారు. దాంతో బ్యాటరీ చచ్చి, నెట్ కూడా లేకపోతే డిస్క్ గేములు సైతం సీఈ-34878-0 ఎర్రర్‌తో ఆగిపోయేవి. పైరసీతో ఏ సంబంధమూ లేని ఒక జాగ్రత్త, డిస్క్ చేతిలో ఉన్నవాడి ఆటను ఆపగలిగింది. 2021 సెప్టెంబరులో వచ్చిన 9.00 సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌తో ఈ లోపం పోయింది.

కాబట్టి పాత పీఎస్4 ఉన్నవాళ్లు అది ఇంకా నెట్‌కు కలుస్తుండగానే 9.00 కన్నా పై వెర్షన్‌కు అప్‌డేట్ చేసి పెట్టుకోవడం మంచిది. బ్యాటరీ మార్చాల్సివస్తే అదే సీఆర్2032, గడియారాల కొట్లో దొరుకుతుంది. మార్చాక నెట్ కలిపి, డేట్ అండ్ టైమ్ సెట్టింగ్‌లో ఇంటర్నెట్ ద్వారా సమయం సరిచేసి, ఆపైన రిస్టోర్ లైసెన్సెస్ నొక్కాలి. వరస ముఖ్యం. తేదీ తప్పుగా ఉండగా లైసెన్సులు తెస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఎక్స్‌బాక్స్

ఎక్స్‌బాక్స్ వన్‌ను 2013లో ప్రకటించినప్పుడు మైక్రోసాఫ్ట్ పెట్టాలనుకున్న నియమం ప్రకారం సొంత కన్సోల్ 24 గంటలకోసారి, పరాయి కన్సోల్ అయితే గంటకోసారి సర్వర్‌కు హాజరు వేయించుకోవాలి. జనం మండిపడ్డారు, జూన్ 19న వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత వచ్చిన హోమ్ ఎక్స్‌బాక్స్ పద్ధతి మూడింటిలోకీ ఉదారమైనది. సెట్టింగ్స్‌లో జనరల్, పర్సనలైజేషన్, మై హోమ్ ఎక్స్‌బాక్స్ అని వెళ్లి ఆన్ చేయాలి. ఏడాదిలో అయిదుసార్లు మార్చుకోవచ్చు. కొత్త కన్సోల్‌లోనే హోమ్ అని పెడితే పాతది దానంతటదే పోతుంది, పాత మిషన్ చేతిలో ఉండక్కర్లేదు. ప్లేస్టేషన్ ఆరు నెలల గడువుతో పోలిస్తే ఇది ఎంతో నయం.

ఇక్కడ ఎక్కువగా కనబడే ఎర్రర్ 0ఎక్స్803ఎఫ్8001, అంటే ఈ గేము నీదేనా అని అడగడం. కారణాలు వరసగా చూసుకోవాలి: కొన్న అకౌంట్ లాగిన్ అయి ఉందా, ఈ కన్సోల్ హోమ్‌గా ఉందా, చందా ముగిసిందా, డిస్క్ నుంచి ఇన్‌స్టాల్ చేసిన గేమైతే డిస్క్ లోపల ఉందా. నాలుగోది నవ్వులాటగా అనిపిస్తుంది కానీ ఎక్కువసార్లు దొరికే దొంగ అదే.

బలహీనత సర్వర్ సగం పడిపోయినప్పుడు బయటపడుతుంది. 2022 మేలో కొన్న డిజిటల్ గేములు తెరుచుకోక చాలామంది చిక్కుబడ్డారు. నెట్ ఉంటే కన్సోల్ సర్వర్‌నే అడుగుతుంది, సర్వర్ సరైన జవాబు ఇవ్వదు. అలాంటప్పుడు నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో గో ఆఫ్‌లైన్ నొక్కితే హోమ్ కన్సోల్ తన దగ్గరున్న లైసెన్స్‌నే నమ్ముతుంది, చాలాసార్లు గేము తెరుచుకుంటుంది. ఎప్పుడూ అని చెప్పలేం. సిరీస్ ఎక్స్‌లో ఎక్స్‌బాక్స్ వన్ డిస్కులకు కూడా మొదట్లో నెట్ తనిఖీ ఉండేది, 2022 అప్‌డేట్ తర్వాత ఎక్కువ డిస్కులకు అది తీసేశారు. కొత్త కన్సోల్‌ను మొదటిసారి సెట్ చేయడానికి మాత్రం ఇప్పటికీ నెట్ తప్పదు.

స్విచ్, స్విచ్ 2

మెలికలు ఎక్కువగా ఉన్నది నింటెండోలోనే. పాత పద్ధతిలో ప్రైమరీ కన్సోల్ ఒకటి, మిగతావి తనిఖీ చేయించుకునేవి. ప్రైమరీ కాని దాంట్లో ఆట మధ్యలో నెట్ పోతే గేము పాజ్ అయ్యేది. 2025 ఏప్రిల్ చివర్లో వచ్చిన 20.0.0 అప్‌డేట్‌తో వర్చువల్ గేమ్ కార్డ్ వచ్చింది. డిజిటల్ గేమును కార్డులా ఒక కన్సోల్ నుంచి తీసి ఇంకోదాంట్లో పెట్టడం అనుకోండి. ఒక అకౌంట్ కార్డులు రెండు కన్సోళ్ల మధ్య తిరుగుతాయి. ఆ రెంటినీ మొదటిసారి జత చేసేటప్పుడు పక్కపక్కన పెట్టి లోకల్ వైర్‌లెస్‌లో కలపాలి, ఆ తర్వాత నెట్ ద్వారా మార్చుకోవచ్చు. ఒకసారి లోడ్ చేశాక ఆ కన్సోల్‌లో నెట్ అక్కర్లేదు.

అరువు ఇవ్వడం నిజంగా బాగుంది. ఎనిమిదిమంది దాకా ఉండే ఫ్యామిలీ గ్రూపులో ఒకరికి రెండు వారాలకు గేము ఇవ్వొచ్చు, గడువు తీరగానే అదే తిరిగొస్తుంది. ఇచ్చేటప్పుడు మాత్రం రెండు మిషన్లూ దగ్గరుండాలి. అన్నయ్య డాలస్‌లో, తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటే ఈ అరువు కుదరదు. సెలవులకు వచ్చినప్పుడు ఇచ్చిపుచ్చుకోవాల్సిందే. సేవ్ ఆడినవాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి ఆటలో ఎక్కడిదాకా వెళ్లారో అది పోదు.

కార్డులు మార్చే తతంగం వద్దనుకుంటే యూజర్ సెట్టింగ్స్‌లో ఆన్‌లైన్ లైసెన్స్ అనే దారి ఉంది. కొన్న అకౌంట్ ఏ కన్సోల్‌లో ఉన్నా ఆడొచ్చు, కానీ ఆ యూజర్ ఒక్కరే, నెట్ ఉంటేనే. ప్రయాణానికి ముందు ఇది ఆన్‌లో ఉందని ధీమాగా బయల్దేరితే విమానంలో గేము తెరుచుకోదు. కార్డ్ లోడ్ చేసుకుని వెళ్లాలి.

స్విచ్ 2తో వచ్చిన గేమ్-కీ కార్డుల దగ్గర కొనేవాళ్లు కళ్లు తెరుచుకుని ఉండాలి. డబ్బాలో కార్డు ఉంటుంది, కార్డులో గేము ఉండదు. డౌన్‌లోడ్ చేసుకుని మొదటిసారి నెట్‌తో తెరవాలి, ఆ తర్వాత ఆడినప్పుడల్లా కార్డు పెట్టే ఉంచాలి. డిస్క్‌కుండే ఇబ్బందీ, డిజిటల్‌కుండే ఇబ్బందీ రెండూ ఒకే డబ్బాలో. తిరిగి అమ్ముకోవడానికి వీలుంది, ఆ ఒక్కటీ మేలు. అట్ట ముందు భాగం మీద కింద దాని గురించి రాసి ఉంటుంది, చదివి కొనండి.

పైరసీ అడ్డుకట్టలో నింటెండో కఠినత్వం అమాయకులకు తగిలేది సెకండ్ హ్యాండ్ కార్డుల దగ్గర. ప్రతి గేమ్ కార్డులోనూ దానికే చెందిన సర్టిఫికెట్ ఉంటుంది. ఎవరో కార్డును కాపీ తీసి ఫ్లాష్ కార్డులో (కాపీ గేములను నడిపించే కార్డు) వేసుకుని, అసలు కార్డును అమ్మేస్తే, ఒకే సర్టిఫికెట్ రెండు కన్సోళ్ల నుంచి ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. సర్వర్‌కు అసలు ఎవరిదో, నకలు ఎవరిదో తెలియదు. 2025 జూన్‌లో ఫ్లాష్ కార్డు వాడిన స్విచ్ 2లకు 2124-4508 ఎర్రర్‌తో ఆన్‌లైన్ సేవలు మూతపడ్డాయి. పాత స్విచ్ కొనేటప్పుడు డబ్బు ఇచ్చే ముందు ఈషాప్ (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) తెరిచి చూడండి. నిషేధం పడిన మిషన్ అక్కడే దొరికిపోతుంది. కార్డు కొంటే బిల్లు, అమ్మినవాళ్లతో నడిచిన సంభాషణ దాచుకోండి.

తాళాన్ని అమ్మేవాళ్లు

మన దగ్గర ప్రైమరీ, సెకండరీ అంటూ సగం ధరకో ఇంకా తక్కువకో డిజిటల్ గేములు అమ్మే వ్యాపారం టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో జోరుగా సాగుతుంది. కొనేవాడికి గేము రాదు, ఒక అకౌంట్ పాస్‌వర్డ్ వస్తుంది. ప్రైమరీ కొన్నవాడు షేరింగ్ ఆన్ చేసుకుని తన యూజర్ నుంచి ఆడతాడు, సెకండరీ కొన్నవాడు ఆ అకౌంట్‌లోనే నెట్ పెట్టుకుని ఆడతాడు. ఇది కంపెనీ షరతులకు విరుద్ధం, అకౌంట్‌నే మూసేయొచ్చు. అంతకన్నా ముందుగా జరిగేది ఇంకోటి: అన్ని పరికరాలనూ డీయాక్టివేట్ చేసే, పైన చెప్పిన ఆరు నెలల మీట అమ్మినవాడి చేతిలో ఉంటుంది. ఒకే ప్రైమరీని ఇద్దరికి అమ్మి ఆ మీట నొక్కితే మొదటివాడి ఐకాన్ మీద తాళం పడుతుంది, ఫిర్యాదు చేసుకోవడానికి చోటు ఉండదు.

రీజియన్ విషయం కూడా లైసెన్స్‌లో భాగమే. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పీఎస్5లో ఏ దేశం డిస్కైనా ఆడుతుంది. కానీ డీఎల్‌సీ (గేముకు విడిగా కొనే అదనపు భాగం) లైసెన్స్ డిస్క్ రీజియన్‌కు సరిపోవాలి, అమెరికా డిస్క్‌కు ఇండియా స్టోర్‌లో కొన్న డీఎల్‌సీ అతకదు. పీఎస్ఎన్ అకౌంట్ దేశాన్ని తర్వాత మార్చలేం. ఎక్స్‌బాక్స్‌లో మూడు నెలలకోసారి మార్చుకోవచ్చు.

రిపేరు చేయించేవాళ్లకు ఒక మాట. మొదటి తరం పీఎస్5లో డిస్క్ డ్రైవ్ బోర్డు మదర్‌బోర్డుతో జతపడి ఉంటుంది. డ్రైవ్ మెకానిజం మార్చినా ఆ బోర్డు పాతదే వేయాలి, లేకపోతే డిస్కులు చదవదు. స్లిమ్ మోడల్‌లో విడిగా కొనే డ్రైవ్‌ను తగిలించాక ఒకసారి నెట్‌తో జత చేయాలి. మార్చి ఇచ్చిన పాత భాగాన్ని పారేయకుండా అడిగి తీసుకోండి.

ఇక ఏ సెట్టింగూ ఆదుకోని గేములున్నాయి. కార్ల రేసు గేము గ్రాన్ టురిస్మో 7లో ఒంటరిగా ఆడే భాగం కూడా చాలావరకు సర్వర్ మీద ఆధారపడింది. 2022 మార్చిలో సర్వర్లు 30 గంటలకు పైగా ఆగితే కొన్నవాళ్లు మండిపడ్డారు. ది క్రూ అనే ఇంకో రేసు గేము సర్వర్లను దాని కంపెనీ యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న మూసేశాక డిస్క్ ఉన్నా అది ఆడదు. డబ్బా వెనక నిరంతర ఇంటర్నెట్ కావాలి అని ఉన్నదాన్ని పూర్తి ధరకు కొనకపోవడమే ఈ సమీక్ష సలహా.

మిగతావాటికి ఊరికి వెళ్లే ముందు రోజు ఇంట్లోనే పరీక్ష పెట్టుకోండి. పీఎస్5లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో కనెక్ట్ టు ది ఇంటర్నెట్ ఆఫ్ చేయండి, ఎక్స్‌బాక్స్‌లో గో ఆఫ్‌లైన్, స్విచ్‌లో హోమ్ బటన్ నొక్కి పట్టి ఎయిర్‌ప్లేన్ మోడ్. మిషన్‌ను పూర్తిగా ఆపి మళ్లీ పెట్టండి, స్లీప్ మోడ్‌లో ఉన్న గేము తెరుచుకుంటే పరీక్ష కింద లెక్క కాదు. తీసుకెళ్లే ప్రతి గేమునూ మెనూ దాకా కాకుండా ఆట మొదలయ్యేదాకా తెరిచి చూడండి. పిల్లల యూజర్ నుంచి కూడా ఒకసారి.