కివీ జ్యూస్‌కి స్లో జ్యూసర్ కొనాలా? ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

చీనీకాయలకు, దానిమ్మకు, క్యారెట్‌కు అయితే స్లో జ్యూసర్ నిస్సందేహంగా కొనుక్కోండి. కివీ కోసమే అయితే మాత్రం ఆ డబ్బు మిగుల్చుకోండి. తిరుపతిలో మా ఇంట్లో మిక్సీ, స్లో జ్యూసర్ రెండూ ఉన్నాయి. రెండింట్లోనూ ఏళ్లుగా కివీ జ్యూస్ చేస్తూ వచ్చి, చివరికి ఈ ఒక్క పండుకు మాత్రం పప్పుగుత్తి, సన్న జల్లెడ దగ్గర స్థిరపడ్డాం.

కారణం ఆ నల్ల గింజలే. మిక్సీ మోటారు నిమిషానికి 18,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఆ వేగానికి గింజలు పగిలి రసంలో చేదు దిగుతుంది, గొంతులో చిన్న ఘాటు కూడా తగులుతుంది. మంచి పచ్చరంగు పోయి బురద తేలినట్టు అవుతుంది. మీట ఇలా తిప్పి అలా వదిలేస్తే కొంత నయమే. కానీ పండు మెత్తదనాన్ని బట్టి ఎంతసేపు తిప్పాలో మారిపోతుంటుంది కాబట్టి రోజూ ఒకే రుచి రాదు.

స్లో జ్యూసర్‌లో పండును నలిపి పిండే మర నిమిషానికి 50, 60 చుట్లే తిరుగుతుంది. గింజలు చాలావరకు చెక్కుచెదరవు, రంగు కూడా బాగుంటుంది. చిక్కంతా పండు బాగా మాగినప్పుడే. మెత్తటి గుజ్జును ఆ మర నెట్టలేదు. సగం రసం పిప్పితో పాటే పక్క గొట్టంలోంచి బయటికి పోతుంది. గట్టిగా ఉన్న పండు వేస్తే చక్కగా నడుస్తుంది గానీ ఆ రసం పుల్లగా ఉంటుంది. పైగా జాలీ కన్నాల్లో గింజలు ఇరుక్కుంటాయి. ఆరిపోకముందే బ్రష్‌తో తోమకపోతే మర్నాడు ఒక్కొక్కటీ పుల్లతో పొడిచి తీయాల్సిందే. గ్లాసెడు రసం కోసం అన్ని భాగాలు కడగడం నాకైతే గిట్టుబాటు అనిపించలేదు.

పప్పుగుత్తి పద్ధతిలో పండు రెండు కొసలూ కోసి, తొక్కకూ గుజ్జుకూ మధ్య చెంచా దూర్చి పండును చుట్టూ తిప్పాలి. పండు మొత్తం ఒకే ముద్దగా జారి గిన్నెలో పడుతుంది. మధ్యలో తెల్లటి బెండు గట్టిగా ఉంటే తీసేస్తాను. తర్వాత పప్పు ఎనిపినంత బలంగా కాకుండా అదిమీ అదమనట్టు మెదపాలి. సన్న జల్లెడలో వేసి చెంచా వెనకవైపుతో రుద్దితే గింజలు పైనే నిలిచి, కింద చిక్కటి పచ్చ రసం చుక్కలు చుక్కలుగా దిగుతుంది. అరగ్లాసు చల్లటి నీళ్లు పోసి, పైన మిగిలిన దాన్ని మళ్లీ ఒకసారి రుద్దండి. నాలుగు పండ్లకు ఒక గ్లాసు, అంతకన్నా ఆశించవద్దు.

పండు మాగడమే అన్నిటికన్నా ముఖ్యం. అంగడిలో దొరికేవి ఎక్కువగా రాళ్లలాగే ఉంటాయి. పండిన అరటిపండుతో కలిపి కాగితం సంచిలో చుట్టి పెట్టండి. అరటి వదిలే ఇథిలీన్ వాయువుకు కివీ త్వరగా మాగుతుంది. బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగాలి. పచ్చి పండు రసం తాగినప్పుడల్లా మా అవ్వ "నాలిక గీకతాండాది నాయనా" అని గ్లాసు పక్కన పెట్టేసేది. కివీలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు, ప్రొటీన్‌ను విరిచే ఆక్టినిడిన్ అనే ఎంజైమ్ రెండూ ఉంటాయి. మాగిన పండు ఆమెకు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

ఆ ఎంజైమ్ వల్లే కివీ మిల్క్‌షేక్, కివీ లస్సీ చేసి ఫ్రిజ్‌లో పెడితే చేదెక్కుతాయి. పెరుగుతో కలిపితే అప్పటికప్పుడు తాగేయాలి. పిల్లల కోసం చేసి దాచేవాళ్లు ఇది తప్పక గుర్తుపెట్టుకోండి.

తీపికి కలకండ పొడి బాగా కుదురుతుంది. బెల్లం రంగును చంపేస్తుంది. మన నన్నారి (సుగంధిపాల వేళ్ల షర్బత్) నాకు ప్రాణమే గానీ, దాని వాసన ముందు కివీ నిలవలేదు. చిటికెడు నల్ల ఉప్పు వేయండి, ఎండలో తిరిగి వచ్చినవాళ్లకు హాయిగా ఉంటుంది. నిమ్మకాయ అక్కర్లేదు.

100 గ్రాముల పచ్చ కివీలో సుమారు 75 నుంచి 90 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, అంటే నారింజ కన్నా ఎక్కువే. వడగడితే పీచు చాలావరకు పోతుంది కాబట్టి మలబద్ధకం కోసం తినేవాళ్లు పండునే తినాలి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లున్నవాళ్లు, రబ్బరు లేటెక్స్ పడనివాళ్లు డాక్టర్‌ని అడిగాకే తాగండి.

న్యూజిలాండ్ పండు వేసవి చివర్లో రావడం మొదలవుతుంది. హిమాచల్, అరుణాచల్ తోటల్లో కోత అక్టోబర్, నవంబర్ ప్రాంతంలో. ఆ మన పండు చిన్నగా, ఎగుడుదిగుడుగా ఉందని చాలామంది పక్కన పెట్టేస్తారు. రసానికి ఆకారంతో పనేముంది? కనిపిస్తే మాత్రం నేను దాన్నే కొంటాను.