డెట్రాయిట్ డౌన్‌టౌన్: వుడ్‌వర్డ్ మీద షాపులు, వేలంలో ఇళ్ళు

నోవై, కాంటన్, ట్రాయ్ లాంటి డెట్రాయిట్ సబర్బుల్లో ఉంటున్న మనవాళ్ళలో ఊళ్ళోకి ఏడాదికోసారి కూడా వెళ్ళనివాళ్ళు చాలామంది. "అక్కడేముంది, పాడుబడ్డ బిల్డింగులు తప్ప" అంటారు. డాలస్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చుని వాట్సాప్‌లో లిస్టింగ్ చూసి "వెయ్యి డాలర్లకే ఇల్లట, రెండు కొనేద్దామా" అనేవాళ్ళు ఇంకోరకం. ఇద్దరి మనసులోనూ ఉన్నది 2013 జూలైలో ఊరు దివాలా పిటిషన్ వేసిన నాటి ఫొటోలే. మొదటివాళ్ళు నష్టపోయేది ఒక మంచి శనివారం. రెండోవాళ్ళు డబ్బే పోగొట్టుకుంటారు.

ముందు షాపింగ్ సంగతి. డౌన్‌టౌన్ ప్రధాన వీధి వుడ్‌వర్డ్ అవెన్యూకి ఒకప్పుడు గుండెకాయ హడ్సన్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్. 1983 జనవరిలో మూతపడింది, 1998లో ఆ భవనాన్ని పేల్చి కూల్చారు. నేరాల భయంతో షాపులు పోయాయనేది సగం మాటే. ఆ హడ్సన్స్ వాళ్ళే 1954లో సౌత్‌ఫీల్డ్‌లో నార్త్‌ల్యాండ్ మాల్ కట్టి, తమ గిరాకీని తామే ఊరి బయటికి తీసుకెళ్ళారు. ఫ్రీవేలు దానికి దారి వేశాయి. ఇప్పుడు డౌన్‌టౌన్‌లో హడ్సన్స్ కూల్చిన స్థలంలోనే 681 అడుగుల కొత్త టవర్ లేచింది, జనరల్ మోటార్స్ తన హెడ్ ఆఫీసుకి దాన్నే ఎంచుకుంది.

చుట్టుపక్కల నైకీ, హెచ్ అండ్ ఎం ఉన్నాయి, 2022లో గూచీ కూడా వచ్చింది. చూడ్డానికి బాగుంటుంది. కానీ రోజువారీ సామాన్లకి ఇది బజారు కాదు. కూరగాయలు, పాలకి మిడ్‌టౌన్‌లో హోల్ ఫుడ్స్, ఈస్ట్ జెఫర్సన్ మీద మైయర్ వాళ్ళ రివర్‌టౌన్ మార్కెట్ దిక్కు. కందిపప్పు, కరివేపాకు కావాలంటే మళ్ళీ సబర్బులకే. చలికాలంలో మామూలు రోజున ఆరు దాటాక వీధి బోసిపోతుంది. ఆఫీసు లంచ్ వేళా, ఆట ఉన్న రోజూ కిటకిటలాడుతుంది. ఆట ఉన్న రోజు పార్కింగ్ రేట్లు మండిపోతాయి కాబట్టి టైగర్స్, లయన్స్, రెడ్ వింగ్స్ జట్ల షెడ్యూలు చూసుకునే బయల్దేరండి.

మూసిన అద్దాలు చూసి "మళ్ళీ ఖాళీ" అనుకోకండి. అద్దానికి లోపల కాగితం అంటించి, పక్కన బిల్డింగ్ పర్మిట్ తగిలించి ఉంటే లోపల పని నడుస్తోందని అర్థం. లీజుకి బోర్డు, ఫోన్ నంబరు ఉంటేనే అది ఖాళీ. డౌన్‌టౌన్‌లో వందకి పైగా భవనాలు కోటీశ్వరుడు డాన్ గిల్బర్ట్ రియల్ ఎస్టేట్ కంపెనీ బెడ్‌రాక్ చేతిలో ఉన్నాయి. అందుకే వీధి ఇంత త్వరగా శుభ్రపడింది. ఏ షాపు రావాలి, ఏది పోవాలన్నది ఒకే యజమాని చేతిలో ఉండటం ఊరికి మంచిదని మాత్రం చెప్పలేం.

క్యూలైన్ ట్రామ్ 2017 నుంచి నడుస్తోంది, వుడ్‌వర్డ్ మీద 3.3 మైళ్ళు, టికెట్ లేదు. దాని లోపమల్లా చాలా దూరం పట్టాలు రోడ్డు అంచునే, కార్ల మధ్యనే ఉండటం. డెలివరీ ట్రక్కు ఒకటి అడ్డంగా ఆగిందంటే ట్రామ్ పక్కకి తప్పుకోలేదు, అక్కడే నిలబడాలి. టైముకి చేరాల్సిన పని ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. డౌన్‌టౌన్ లోపల తిరగడానికి పీపుల్ మూవర్ అనే చిన్న రైలు నయం: పైన వంతెన మీద నడుస్తుంది, 13 స్టేషన్లు, అదీ ఉచితమే. ఒకే దిక్కుకి తిరుగుతుంది కాబట్టి వెనక స్టేషన్‌కి పోవాలంటే నడిచిపోవడమే మేలు.

ఈ ఊళ్ళో తప్పక చూడాల్సినవి రెండు. ఒకటి ఈస్టర్న్ మార్కెట్, శనివారం పొద్దున్నే. అరటిపళ్ళు, మామిడిపళ్ళు పెట్టినవాడు టోకు సరుకు తెచ్చి అమ్ముతున్నట్టు. అవి మిషిగన్‌లో పండవు. మే నెలలో ఆస్పరాగస్, జూలైలో పుల్ల చెర్రీలు, ఆగస్టులో మొక్కజొన్న ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్ళు రైతులు. అక్కడ ఆగండి. రెండోది వెస్ట్ లఫాయెట్ మీద జాన్ కింగ్ పాత పుస్తకాల షాపు. ఒకప్పటి చేతి తొడుగుల ఫ్యాక్టరీ, నాలుగంతస్తులు. ఏ గదిలో ఏ విషయమో తెలిసేలా మ్యాప్ ఉంది, దాన్ని పట్టుకునే తిరగాలి. సబర్బ్ మాల్‌లో ఇలాంటిది ఒక్కటి చూపించమనండి.

ఇక ఇళ్ళు. చవక ఇల్లు డౌన్‌టౌన్‌లో దొరకదు, దూరపు పేటల్లో దొరుకుతుంది. వదిలేసిన ఇళ్ళని చేతిలో పెట్టుకుని అమ్మే ప్రభుత్వ సంస్థ ల్యాండ్ బ్యాంక్. దాని వేలం పాట 1,000 డాలర్ల దగ్గర మొదలవుతుంది. ఆ సంస్థ పని నిజాయితీగానే ఉంటుంది, షరతులు ముందే చెబుతుంది: ఆరు నెలల్లో ఇంటిని మనుషులుండేలా బాగుచేసి చూపాలి, లేకపోతే వెనక్కి తీసుకోవచ్చు. లోపల రాగి పైపులు, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఎవరో ఊడబెరుక్కుని పోయి ఉంటారు. నీళ్ళు ఖాళీ చేయకుండా వదిలేసిన ఇంట్లో పైపులు గడ్డకట్టి పగిలి, గోడలు నాని ఉంటాయి. మట్టి గొట్టపు మురుగు లైనులోకి చెట్ల వేళ్ళు దూరి ఉంటాయి. బాగుచేయడానికి లక్ష డాలర్లు దాటడం వింతేం కాదు.

ఇచ్చేది క్విట్‌క్లెయిమ్ డీడ్. అంటే "ఇందులో నాకేమైనా హక్కుంటే అది నీకిస్తున్నాను" అని మాత్రమే, ఇల్లు నాదేనన్న హామీ లేదు. మనూళ్ళో ఈసీ తీయకుండా, లింక్ డాక్యుమెంట్లు చూడకుండా స్థలం కొంటామా? ఇక్కడా టైటిల్ సెర్చ్ చేయించాలి. ప్రైవేటు వ్యక్తి అమ్ముతుంటే డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీ ట్రెజరర్ దగ్గర పన్ను బకాయి కూడా చూడాలి. కట్టని నీటి బిల్లు పన్నులో కలిసి ఇంటి మీద పడొచ్చు.

అందరూ దెబ్బతినేది పన్ను దగ్గరే. మిషిగన్‌లో ఇల్లు చేతులు మారితే పన్ను వేసే విలువ ఏటా ఇంతకంటే పెరగకూడదన్న పాత పరిమితిని మరుసటి ఏడాది ఎత్తేస్తారు. అమ్మినవాడి బిల్లు చూసి లెక్కేసుకుంటే మోసపోతారు. సొంతంగా ఉండని ఇంటికి డెట్రాయిట్‌లో ఇంచుమించు 85 మిల్లులు (మిల్లు అంటే పన్ను వేసే విలువలో వెయ్యి డాలర్లకి ఒక డాలర్): విలువ 60,000 డాలర్లయితే, అందులో సగం మీద ఏడాదికి దాదాపు 2,550. వేలంలో 5,000కే కొన్నా అదే విలువగా తీసుకోవాలన్న నియమం ఇంటి విలువ కట్టే అసెసర్‌కి లేదు. ఇల్లు చేతికొచ్చిన 45 రోజుల్లో, అది చేతులు మారిందని తెలిపే ప్రాపర్టీ ట్రాన్స్‌ఫర్ అఫిడవిట్ దాఖలు చేయాలి. మూడేళ్ళు పన్ను కట్టకపోతే కౌంటీ స్వాధీనం చేసుకుంటుంది.

డబ్బు కట్టేముందు వీధిని చూడండి, ఇంటి ఫొటో కాదు. మంచు పడ్డ మర్నాడు వెళ్ళి ఎన్ని గుమ్మాల ముందు మంచు ఊడ్చి ఉందో లెక్కపెట్టండి. పది ఇళ్ళలో ఎనిమిదింటి ముందు కాలిబాట కనిపిస్తే అద్దెకొచ్చేవాళ్ళు ఉంటారు. రెండే కనిపిస్తే ఇల్లు ఉచితంగా ఇచ్చినా వద్దు. అద్దెకివ్వాలంటే ఊళ్ళో రిజిస్టర్ చేసి, తనిఖీ అయ్యాక, ఇల్లు అద్దెకి పనికొస్తుందనే సర్టిఫికెట్ ఆఫ్ కంప్లయన్స్ తీసుకోవాలి. అది చేతికొచ్చాకే కిరాయిదారుతో మాట్లాడండి.