వీలునామాలో దానం రాసేటప్పుడు సంస్థ పేరా, పని పేరా: ఏది మేలు?

మా పెద్దమ్మ చిత్తూరులో బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. ఆమె వీలునామాలోని ఒక వాక్యం నాకు కంఠతా వచ్చేసింది: "నా బ్యాంకు నిల్వలోనుంచి రెండు లక్షల రూపాయలు గ్రీమ్స్‌పేటలోని పేద విద్యార్థుల ఉచిత వసతి గృహానికి ఇవ్వవలెను." ఆమె పోయాక వెళ్లి చూస్తే అక్కడ టైల్స్ దుకాణం ఉంది. వసతి గృహం మూతపడి ఆరేళ్లయిందట. నిర్వాహకులకు రాసిన ఉత్తరం ఎర్ర సిరాతో "విలాసదారు లేరు" అన్న రాతతో తిరిగొచ్చింది.

ఇంకో హాస్టలుకు ఇద్దామన్నాను నేను. "సంస్థే లేదు, ఇక దానమెక్కడిది బావా?" అన్నాడు పెద్దమ్మ అల్లుడు. నాకు కోపం వచ్చింది గానీ, చట్టం దాదాపు అతని పక్షమే. భారత వారసత్వ చట్టం, 1925లోని 105వ సెక్షన్ ప్రకారం, ఆస్తి పొందవలసినవారు రాసినవారి కంటే ముందే పోతే ఆ భాగం మిగిలిన ఆస్తిలో కలిసిపోతుంది. అది మరొకరికి చెందాలన్న ఉద్దేశం వీలునామాలోనే కనిపిస్తే తప్ప. ఫలానా సంస్థకే అని రాసి, ఆ సంస్థ ముందే మూతపడితే జరిగేదీ ఇదే. పెద్దమ్మ మరణం తర్వాత మూతపడి ఉంటే డబ్బు అప్పటికే ధర్మానికి చెందిపోయేది. మా గొడవ వేరుగా ఉండేది.

అయితే 'సై ప్రే' అనే సూత్రం ఒకటుంది. దాత మనసు ఒక్క సంస్థ మీదే కాక ఆ సేవ మీదే ఉందని తేలితే, దానికి అతి దగ్గరైన మరో పనికి కోర్టు డబ్బు మళ్లిస్తుంది. మనసులో ఏముందో కాగితం చెప్పాలి, తిరకాసు అక్కడే. ఇంగ్లాండులో 1936లో తీర్పు వచ్చిన హార్‌వుడ్ కేసు చూడండి. ఒకావిడ రెండు శాంతి సంఘాలకు డబ్బు రాసింది. విజ్‌బీచ్‌లోని సంఘం నిజంగా ఉండి, ఆమె కంటే ముందే మూతపడింది. ఆ దానం చెల్లలేదు. బెల్‌ఫాస్ట్ సంఘం ఎన్నడైనా ఉన్నట్టే ఆధారం దొరకలేదు; ఆ దానం చెల్లింది! లేని సంఘం పేరు రాసిందంటే ఆమె కోరింది శాంతి ప్రచారాన్నే అన్నది కోర్టు వాదన. నాకిది ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

అలాగని పేరు మానేసి "ధర్మకార్యాలకు" అని రాస్తే? అది ఇంకా ప్రమాదం. 'ధర్మం' అన్న ఒక్క మాటతో చేసిన దానం అస్పష్టమని, చెల్లదని అప్పట్లో మన దేశపు అప్పీళ్లకు లండన్‌లో చివరి కోర్టైన ప్రివీ కౌన్సిల్ 1899లోనే తేల్చింది. మన పెద్దలకు ఎంతో ఇష్టమైన మాట అది, ఏం చేస్తాం.

పెద్ద సంస్థకు రాస్తే బెంగ ఉండదంటారు. తిరుపతిలో ఎవరిని అడిగినా ముందు వచ్చే పేరు టీటీడీయే. నిజమే, అది మూతపడదు. కానీ పేర్లు అక్కడా మారతాయి: 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇప్పుడు శ్రీవేంకటేశ్వర అన్నప్రసాదం ట్రస్టు. పేరు మారడం పెద్ద చిక్కు కాదు, సంస్థ అదేనని చూపిస్తే చాలు. పని మారితేనే ఆలోచించాలి. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం 1915లో క్షయ రోగుల శానటోరియంగా మొదలైంది, నేడు సాధారణ వైద్యం కూడా చేసే మెడికల్ సెంటర్. "క్షయ రోగులకు" అనుకున్న దాత ఆ మాట కూడా రాయాలి. ఇంతకీ మా పెద్దమ్మ కోరింది చిత్తూరు పిల్లలకు అన్నం, పడక. దానికి కొండ మీది హుండీ బదులు కాదు.

బతికుండగానే ఇచ్చేయడం అన్నిటికంటే భద్రం. కానీ పింఛను మీద బతికే మనిషి రేపటి ఆసుపత్రి ఖర్చు చూసుకోవాలి కదా.

అందుకే నా ఓటు పని పేరుకే. సంస్థ పేరు దాని పక్కన ఉండాలి, తర్వాత ప్రత్యామ్నాయం, దాన్ని ఎంచే అధికారం ఎగ్జిక్యూటర్‌కు, అంటే వీలునామాను అమలు చేసే మనిషికి. నా వీలునామాలో ఇలా రాసుకున్నాను: "చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని పేద విద్యార్థుల వసతి, భోజనాల నిమిత్తం ఫలానా సంస్థకు, నా మరణం నాటికి అది లేకున్నా, ఆ పని మానుకున్నా, అదే పని చేస్తున్న మరో ధర్మసంస్థకు, నా ఎగ్జిక్యూటర్ ఎంపిక మేరకు." స్టాంపు ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలు.

సంతకాలయ్యాక నా భార్య చదివి, "విద్యార్థుల" కొట్టేసి "విద్యార్థినుల" అని రాయమంది. రాశాను. ఆ ఒక్క మాట చెల్లడానికి సాక్షులిద్దరినీ మళ్లీ కాఫీకి పిలవాల్సి వచ్చింది.